గట్టు మీద పరుగు

(రావులపాలెంలో ఉదయపు నడక మిత్రుల సమావేశంలో ఒక హైస్కూలు వ్యాయామ ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దలంతా ముందు వరుసల్లో ఉన్నారు, మా స్కూలు పిల్లలు వెనక నిలబడ్డారు. పిల్లలూ, అలా గోడవారగా కూర్చోండమ్మా. కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను.

పరుగు మొదలుపెడదామనుకునే వాళ్లు నన్ను మొట్టమొదట అడిగేది ఒకటే. "మేడమ్, మన దగ్గర చోటెక్కడుంది? హైవే ఎక్కితే లారీలు, ఊళ్లో ఆటోలు, గ్రౌండ్‌లో రౌండ్లు కొట్టి కొట్టి విసుగొస్తోంది" అంటారు. పండక్కి హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాళ్లయితే, అక్కడ పార్కులో ట్రాకు ఉందండీ, ఇక్కడ ఏముంది అంటారు. వాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. మన గోదావరి డెల్టాలో ఏ ఊళ్లో నిలబడినా పది నిమిషాల్లో ఏదో ఒక కాలువ గట్టు తగులుతుంది. ఆ గట్టు మనుషుల కాళ్ల కోసమే వేసింది. ఇది మాటవరసకి అంటున్నది కాదు, దాని వెనక చరిత్ర ఉంది.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందని మనందరం చిన్నప్పుడు చదువుకున్నాం. కాటన్ దొర కాలువలు తవ్వించింది పొలాలకి నీళ్ల కోసమే అని చాలామంది అనుకుంటారు. పెద్ద కాలువలు పడవలు తిరిగే దారులు కూడా. పడవల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి దించడానికి, ఎక్కించడానికి తలుపులు పెట్టి లాకులు కట్టింది అందుకే. ధాన్యం, ఉప్పు, ఇటుక, కలప, పెళ్లివారు, అందరూ పడవల మీదే. కాకినాడ కాలువ 50 కిలోమీటర్లు, ఏలూరు కాలువ 139 కిలోమీటర్లు. ఆ ఏలూరు కాలువ పట్టుకుని బెజవాడ చేరి, అక్కడి నుంచి బకింగ్‌హామ్ కాలువలో పడి మద్రాసు దాకా సరుకు పోయేది. మరి ఆ పడవలకి ఇంజన్లెక్కడివి? గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. గాలి పడిపోతే ఒకరు చుక్కాని దగ్గర కూర్చుంటే మిగతావాళ్లు గట్టెక్కి, తాడు భుజాన వేసుకుని, పడవని లాగుతూ మైళ్ల కొద్దీ నడిచేవారు.

ఆలోచించండి. తాడుతో లాగాలంటే బాట నీటి పక్కనే ఉండాలి. ఎగుడుదిగుడు ఉండకూడదు. మనిషికీ నీటికీ మధ్యలో చెట్టు ఉండకూడదు. మలుపులు మెల్లగా తిరగాలి. ఈరోజు ఎవరైనా లక్షలు పెట్టి పరుగుల బాట వేయించినా ఇవే కదా చూసుకునేది? మనకది 170 ఏళ్లుగా ఉంది. పడవలు పోయాయి, లారీలు వచ్చాయి, బాట మిగిలింది.

ఇంకో సంగతి చెప్తాను, ఇది తెలిస్తే కొత్త ఊళ్లో కూడా దారి మీరే పట్టుకోగలరు. డెల్టాలో నేల నది ఒడ్డున ఎత్తుగా ఉండి, ఒడ్డు నుంచి దూరం జరిగేకొద్దీ దిగుతుంది. వరద వచ్చినప్పుడల్లా బరువైన ఒండ్రు ఒడ్డునే పడిపోవడం వల్ల అలా అవుతుంది. పాత పాయలు వదిలేసిన మెరకలు కూడా అక్కడక్కడ ఉంటాయి. పంట కాలువని ఎప్పుడూ ఆ మెరక మీదే తీసుకెళ్తారు. పెంకుటింటి నడికొప్పు మీద పోసిన నీళ్లు రెండు వాలులకీ జారినట్టు, అక్కడి నుంచి నీరు రెండు పక్కల పొలాలకీ దానంతటదే దిగుతుంది. పొలం వాడుకోగా మిగిలింది పల్లంలో ఉన్న మురుగు కాలువలోకి పోతుంది. కాబట్టి పంట కాలువ గట్టు మీద పరుగెత్తే మనిషి ఆ చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తున ఉంటాడు. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కిందుగా పొలం, పొలం అవతల కొబ్బరిచెట్ల వరస. అంత దూరం కంటికి ఆనుతుంది. డ్రెయిన్ గట్టు పట్టుకున్నారా, రెండు పక్కలా తూటికాడ పొదలు, బురద, దోమలు. పల్లం కాబట్టి వాన వెలిశాక కూడా చాలా రోజులు ఆరదు. కొత్త ఊళ్లో ఎవరినైనా "పంట కాలువ ఎటండీ" అని అడగండి. ఒట్టి కాలువ అంటే మురుగు కాలువ చూపిస్తారు.

ఎత్తుపల్లాల లెక్క కూడా ఒకసారి చూద్దాం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నిండుగా నిలిపే నీటిమట్టం సముద్రం కన్నా 13.64 మీటర్లు ఎత్తు. అక్కడి నుంచి సముద్రం సుమారు 70 కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకి జానెడు కూడా దిగదు. అందువల్ల మోకాళ్ల మీద ఒత్తిడి పడే దిగుడూ లేదు, ఆయాసం తెచ్చే ఎక్కుడూ లేదు. లాకుల దగ్గర మాత్రం నీరు ఒక మెట్టు దిగుతుంది, దానితో గట్టూ కొన్ని అడుగులు దిగుతుంది. మన డెల్టా రన్నర్‌కి కొండ అంటే లాకే. కొత్తగా మొదలుపెట్టినవారికి, బరువు ఎక్కువున్నవారికి, యాభై దాటినవారికి ఇంతకన్నా మంచి నేల దొరకదు. కాకపోతే ఇంత చదును మీదే అలవాటు పడినవాళ్లు విశాఖపట్నంలో పోటీకి వెళ్తే అక్కడి ఎత్తులకి ఇబ్బంది పడతారు. వాళ్లు గోదావరి వంతెనల ఎక్కుళ్లలో వారానికోసారి సాధన చేసుకోవాలి.

ఇక దారులు. గోదావరి పాయలు గౌతమి, వశిష్ఠల నడుమ ఉన్న మన మధ్య డెల్టాతో మొదలుపెడతాను, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇక్కడే ఉంది. బ్యారేజీ ఒకే గోడ అనుకోకండి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు, అంటే నదిలోని దీవులు. మన కాలువకి తల బొబ్బర్లంక దగ్గర ఉంది. అక్కడి నుంచి ప్రధాన కాలువ ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల దాకా వస్తుంది. తెల్లవారుజామున ఈ గట్టు మీద వెళ్తూ ఉంటే కాలువ నిండుగా, వెడల్పుగా, చప్పుడు లేకుండా మీతోపాటే వస్తుంది. లాకులు దగ్గరపడేసరికి నీటి హోరు ముందు వినపడుతుంది, తర్వాత కనపడుతుంది. అక్కడ పెద్ద చెట్లున్నాయి, నీడ ఉంది, కూర్చోవడానికి గట్లున్నాయి. అక్కడి నుంచే అమలాపురం వైపు, పి.గన్నవరం వైపు, ముక్తేశ్వరం వైపు కాలువలు విడిపోతాయి. మీ ఓపికని బట్టి ఏదో ఒకటి పట్టుకోవచ్చు. ఒకటే జాగ్రత్త. శనివారం ఆ వైపు పెట్టుకోకండి. వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్లే బండ్లతో, ఏడు శనివారాల మొక్కు ఉన్నవాళ్లతో రోడ్డు నిండిపోతుంది. మన పరుగు కోసం వాళ్ల నడకకి అడ్డం పడకూడదు.

ఆత్రేయపురంలో పరుగు ముగిస్తే పూతరేకుల సంగతి మీరే చూసుకుంటారు, నేను చెప్పక్కర్లేదు. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బోర్లించిన కుండ మీద పిండిలో తడిపిన గుడ్డ అలా లాగి, రేకు ఊడదీసే ఆడవాళ్ల చేతుల వేగం మాత్రం మా పిల్లలంతా ఒకసారి చూడాలి. పొగలో, వేడిలో గంటల తరబడి కూర్చుని చేసే ఆ పనికి ఎంత దమ్ము కావాలో అప్పుడు తెలుస్తుంది.

గన్నవరం కాలువ వెంట దూరం వెళ్లగలిగినవాళ్లకి ఇంకో అద్భుతం ఉంది. పి.గన్నవరం దగ్గర కాలువ గోదావరి పాయ అయిన వైనతేయని పైనుంచి దాటుతుంది. కింద ఏరు, మీద కాలువ. 1850లలో కట్టిన పాత అక్విడెక్టుకి 49 కమానులు, ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు. ఇప్పుడున్న కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఏ వేళప్పుడు ఎవరొచ్చినా ఆకలితో పంపని తల్లి ఆవిడ. ఏరు దాటి అలసిపోయి వచ్చిన బాటసారులే ఎక్కువగా ఆవిడ ఇంట్లో భోంచేసింది. నడిచేవాళ్లకి అన్నం పెట్టిన మనిషి పేరు, నీటిని దాటించే వంతెనకి పెట్టడం నాకు చాలా నచ్చింది. అక్కడ కాసేపు ఆగి, కమానుల కింద నుంచి ఏటిని చూడండి. టైమింగ్ పోతుందని టెన్షన్ పడకండి.

తూర్పు డెల్టాలో అయితే ధవళేశ్వరం నుంచి వేమగిరి, కడియం మీదుగా వెళ్లే కెనాల్ రోడ్డు అందరికీ తెలిసినదే. రోడ్డు మీద మాత్రం నేను ఎవరినీ పరుగెత్తమనను, ట్రాఫిక్ పెరిగిపోయింది. కడియపులంక నర్సరీల మధ్య లోపలి బాటలు ఉన్నాయి, అవి చాలు. పొద్దున్నే మొక్కలకి నీళ్లు పెడుతుంటారు, మట్టి వాసన, ఆ పక్కనే బంతి, చామంతి, గులాబీ. మొక్కలు ఎక్కించుకునే లారీలు మొదలవకముందే అయిపోవాలి.

పశ్చిమ డెల్టాలో నరసాపురం కాలువ వెంట మారుటేరు నుంచి పాలకొల్లు వైపు వెళ్లండి. వరి అంటే ఏమిటో అక్కడ చూడాలి. మారుటేరులో వరి పరిశోధన 1925లో మొదలైంది. స్వర్ణ అనే వరి రకం అక్కడ పుట్టిందే, 1982లో విడుదల చేశారు. ఎంటీయూ 1010 అనే ఇంకో రకానికి కాటన్ దొర సన్నాలు అని పేరు పెట్టారు. కాటన్ దొర కాలువ గట్టు మీద పరుగెత్తుతూ కాటన్ దొర సన్నాల చేను చూడడం మనకి తప్ప ఎవరికి దొరుకుతుంది? ఇంకా కిందకి, భీమవరం వైపు వెళ్తే చేపల చెరువులు, రొయ్యల చెరువులు. నీటి అద్దాలలా బాగానే ఉంటాయి గానీ నీడ ఉండదు, మేత లారీలు తిరుగుతాయి. అక్కడివాళ్లు తెల్లవారకముందే ముగించుకోవడం మేలు.

కాలువ గట్టు కాక మనకి ఏటిగట్టు, అంటే నది వరదని ఆపే కట్ట, ఉంది. వేసవిలో దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో వదులుతారు. ఆ మధ్యలో ఎండిన కాలువ పక్కన పరుగెత్తడం మనసుకి ఏమంత బాగోదు, పైగా మరమ్మతుల పని, పూడిక తీసే మిషన్లు. అప్పుడు ఏటిగట్టెక్కాలి. ఏ గట్టు ఎప్పుడు అన్నది సూర్యుణ్ణి బట్టి చూసుకోండి. గౌతమికి తూర్పున ఉన్న కపిలేశ్వరపురం, కోటిపల్లి వైపు గట్టు మీద సాయంత్రం వెళ్తే సూర్యుడు నదిలో దిగడం కనపడుతుంది. వశిష్ఠకి పడమట ఉన్న నరసాపురంలో వలంధర రేవు దగ్గర పొద్దున్నే నిలబడితే నది మీదుగా ఉదయిస్తాడు. వేసవి సాయంత్రం పైరగాలి సముద్రం వైపు నుంచి వస్తుంది. కాబట్టి ముందు సముద్రం వైపు, గాలికి ఎదురుగా వెళ్లండి. అలసిపోయి వెనక్కి వచ్చేటప్పుడు గాలి వీపుని నెడుతుంది.

వరద రోజుల్లో మాత్రం ఏటిగట్టు జోలికి పోవద్దు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది ఎగరేశారని వినగానే గట్టు వరద పనివాళ్లది. ఇసుక బస్తాల ట్రాక్టర్లు, లంకల నుంచి వచ్చే జనం, పశువులు, అందరికీ అదే దారి. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరదని చూసిన పెద్దలు ఇక్కడ ఉన్నారు. వాళ్లని అడగండి, గట్టు అంటే ఏమిటో చెప్తారు.

నేల గురించి. మన ఒండ్రు మట్టి ఎండితే గట్టి, తడిస్తే జిగట. నాలుగు చినుకులు పడ్డాయంటే బూటుకి కిలో మట్టి అంటుకుంటుంది, కాలు జారితే కాలువలోకే. జూలై నుంచి అక్టోబరు దాకా గ్రావెల్ వేసిన గట్లు, సిమెంటు రోడ్లు చూసుకోండి. గట్టు నడుమ బండి చక్రాల జాడ ఉంటుంది, ఆ జాడలోనే కాలు వేయండి. అంచున వాలు ఉంటుంది, ఒకే వైపు వాలు మీద రోజూ పరుగెత్తితే మోకాలికీ తుంటికీ నొప్పి వస్తుంది. వెళ్లేటప్పుడు ఒక గట్టు, వచ్చేటప్పుడు వంతెన దాటి అవతలి గట్టు పెట్టుకుంటే చూడ్డానికీ బాగుంటుంది.

మన అసలు శత్రువు ఎండ కన్నా ఉక్క. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు చెమట పడుతుంది గానీ ఆరదు. ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. మే నెలలో పొద్దున్న ఆరింటికే గుండె దడదడలాడడానికి అదే కారణం. అప్పుడు వాచీ చూసుకుని వేగం లెక్కపెట్టకండి. పక్కవాళ్లతో మాట్లాడగలిగినంత వేగం చాలు. దమ్ము చాలక మాట తెగుతోందంటే నడవండి. దారిలో కొబ్బరిబొండం ఉంది, ఇంటికి రాగానే ఉప్పు వేసిన మజ్జిగ ఉంది, రంగునీళ్ల సీసాలు కొనక్కర్లేదు. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుగారికి చెప్పే మొదలుపెట్టండి. దూరం కన్నా టైము లెక్క పెట్టుకోండి. ఇరవై నిమిషాలు వెళ్లి, తిరిగి రండి. గట్టు పొడుగ్గా పిలుస్తూనే ఉంటుంది, వెళ్లినంత దూరం తిరిగి రావాలన్నది గుర్తుండాలి.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. చీకటితో ఆడపిల్ల గట్టు మీద పరుగెత్తుతుంటే ఊరు చూస్తుంది, ఇంట్లో భయపడతారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఒంటరిగా వద్దు, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. నిర్మానుష్యంగా ఉండే గట్టు ఎంత అందంగా ఉన్నా వద్దు. పాలకేంద్రం, గుడి, లాకులు, రేవు, ఇలా తెల్లారకముందే మనుషులు లేచే చోట్లని కలుపుతూ దారి వేసుకోండి. పాలవాళ్లకి, లాకుల దగ్గర కాలువని చూసుకునే లస్కర్లకి మీ ముఖాలు తెలియాలి. అమ్మలు కూడా ఒక నడక నడిస్తే మరీ మంచిది. పిల్ల పరుగెత్తి తిరిగొచ్చేలోపు మీ నడక అవుతుంది. ఇక్కడున్న తండ్రులకి నా విన్నపం: మీ అబ్బాయిని ఎంత తేలిగ్గా పంపుతున్నారో అమ్మాయిని కూడా అలా పంపే దారి మనందరం కలిసి చేయాలి.

పాముల సంగతి అడుగుతున్నారు. ఉంటాయండీ, గట్టంటేనే వాటి ఇల్లు. కోతల సమయంలో ఎలకలు మెరకకి చేరతాయి, వాటి వెనకే తాచు, రక్తపింజర వస్తాయి. చీకట్లో చేతిలో లైటు లేకుండా అడుగు వేయొద్దు, గడ్డిలో కాలు పెట్టొద్దు. కాటు పడితే పరుగెత్తకూడదు, మంత్రం వైపు వెళ్లకూడదు, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికే. కుక్క వెంటపడితే ఆగి నిలబడండి, మెల్లగా నడవండి, చాలావరకు అవే వెనక్కి పోతాయి.

ఇప్పుడు నాకు బాధ కలిగించే విషయం. గట్లు కరిగిపోతున్నాయి. ఊరు దగ్గరపడిందంటే చాలు చెత్త కుప్పలు, కోడి వ్యర్థాలు, ప్లాస్టిక్. కొన్నిచోట్ల బాట మీదికి పాకలు వచ్చేశాయి, కొన్నిచోట్ల చెట్లు కొట్టేశారు. కాలువలో గుర్రపుడెక్క అలుముకుని నీరు కనపడని చోట్లున్నాయి. ఆ నీళ్లే దిగువ ఊళ్ల మంచినీటి చెరువుల్లోకి వెళ్తాయి, మనం తాగుతాం. మనుషులు నడవడం మానేసిన గట్టు మీదే చెత్త పడుతుందన్నది నేను గమనించాను. రోజూ పదిమంది తిరిగే చోట పారేయడానికి ఎవరికైనా మొహమాటంగా ఉంటుంది. పడవలు లాగినవాళ్లు ఉన్నన్నాళ్లూ బాట దానంతటదే శుభ్రంగా ఉంది. ఆ పని ఇప్పుడు మన కాళ్లు చేయాలి. చెట్టు నాటే ఓపిక ఉన్నవాళ్లు ఇరిగేషన్ వాళ్లని అడిగి, గట్టుకి పొలం వైపు నాటండి. వేప, నేరేడు, కానుగ ఏదైనా సరే.

ఈ ఆదివారం లొల్ల లాకుల దగ్గర పొద్దున్న ఐదున్నరకి కలుద్దాం. మంచు పడుతోంది కాబట్టి లేత రంగు బట్టలు వేసుకుని లైటు తెచ్చుకోండి. నీళ్లు ఇంటి సీసాలో తెచ్చుకోండి. పిల్లలు పెద్దవాళ్లకి నీటి వైపు కాకుండా పొలం వైపు ఉండాలి. పరుగయ్యాక స్నానమని ఎవరూ కాలువలో దిగొద్దు. తూముల దగ్గర, లాకు తలుపుల దగ్గర నీటి లాగుడు పైకి కనపడదు, ఈత వచ్చినవాళ్లని కూడా లాగేస్తుంది. సార్వా (ఖరీఫ్ వరి) కోతలు జోరుగా ఉన్నాయి, రోడ్డు మీద సగం ధాన్యమే. ఒక్క గింజ మీద కూడా కాలు వేయకండి, రాశుల దగ్గర పక్కకి దిగి నడవండి. స్కూటర్లు లాకుల అవతల ఖాళీ జాగాలో పెట్టండి, రైతులు ధాన్యం ఆరబోయడానికి పట్టాలు పరుచుకునే చోట పెట్టకండి.